అయస్కాంత లోహములు: ఒక శతాబ్ది సమస్య

1879లో అమెరికాయందలి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఎడ్విన్ హాల్ అను విద్యార్థి పలుచని బంగారు రేకులో విద్యుత్తును ప్రవహింపజేసి, రేకునకు లంబముగా అయస్కాంత క్షేత్రమును ప్రయోగించెను. ప్రవాహమునకు అడ్డముగా రెండు అంచుల నడుమ స్వల్పమైన వోల్టేజి కానవచ్చెను. 1881లో ఆతడు ప్రకటించిన ప్రకారము, ఇనుమునందు ఈ ఫలము అయస్కాంతములు కాని లోహములలో కంటె పది రెట్లు మిక్కుటము. ఈ ఆధిక్యమునకు హేతువేమి? నూఱేండ్లకు పైగా ఈ ప్రశ్న వివాదగ్రస్తమై యుండెను.

1954లో కార్ప్‌లస్, లటింజర్ అను శాస్త్రజ్ఞులు ఇది స్ఫటికమునందలి ఎలక్ట్రానుల సహజస్థితి నుండియే పుట్టుచున్నదనిరి. మరుసటి యేడు స్మిట్ దానిని ఖండించి, మాలిన్యములను ఢీకొని ఎలక్ట్రానులు ఒక ప్రక్కకు చెదరుటయే కారణమనెను.

వివాదమును తేటపఱచిన భావము కాంతిశాస్త్రమున ముందే పొడసూపియుండెను. కర్ణాటకమునందలి తెలుగువారికి సుపరిచితమైన బెంగుళూరు నగరమున, 1956లో, సర్ సి. వి. రామన్ మేనల్లుడు శివరామకృష్ణన్ పంచరత్నం 22 ఏండ్ల ప్రాయమున ఒక వ్యాసము ప్రకటించెను. ధ్రువిత కాంతి తన స్థితిని క్రమముగ మార్చుకొని తుదకు మొదటి స్థితికే వచ్చినను, దాని తరంగమున ఒక దశాభేదము మిగులును; అది చుట్టివచ్చిన మార్గముయొక్క ఆకృతిపై ఆధారపడును. ఇదియే ఆ వ్యాససారము. 1984లో ఇంగ్లండున మైకేల్ బెర్రీ ఇట్టి సూత్రమునే స్వతంత్రముగ కనుగొని క్వాంటం వ్యవస్థలకు విస్తరింపజేసెను. 1986లో రామశేషన్, నిత్యానంద గారలు పంచరత్నం వ్యాసమును ఎత్తిచూపగా, మరుసటి యేడు బెర్రీ దాని ప్రాశస్త్యమును వివరించి వ్రాసెను. పంచరత్నం 1969లోనే, 35వ యేట, ఆక్స్‌ఫర్డున కీర్తిశేషుడయ్యెను.

అయస్కాంత లోహములో ఎలక్ట్రాను నడకయందును ఇట్టి ఆకృతిధర్మమే ఇమిడియున్నదని 2002 ప్రాంతమున స్పష్టమయ్యెను. కార్ప్‌లస్, లటింజరుల వాదము పునరుజ్జీవితమయ్యెను; మాలిన్యముల పాత్రయు కొన్నియెడల నిలిచియున్నది.

ఇట్టి ఆకృతిధర్మములతో సన్నిహిత సంబంధము గలవి టోపాలజీ ధర్మములు. గారెను ఎంత వంచినను, తుంపనంతవఱకు, నడిమి రంధ్రము పోదు. అట్లే కొన్ని మిశ్రలోహములలో ఎలక్ట్రానుల శక్తిపట్టీలు కలిసికొను బిందువులు, రేఖలు స్వల్పమైన మార్పులకు చెదరవు. 1903లో జర్మనీయందు హ్యూస్లర్ అను శాస్త్రజ్ఞుడు, విడివిడిగా అయస్కాంతములు కాని రాగి, మాంగనీసు, అల్యూమినియములను కలిపి అయస్కాంతమును సృజించెను. ఆ కుటుంబమునకే చెందినది కోబాల్టు, మాంగనీసు, గాలియముల మిశ్రమము. అందు అట్టి రేఖలున్నవని 2019లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు చూపిరి. ఆ వలయములు గొలుసు కడియములవలె ఒకదానిలో నొకటి పెనవేసికొన్నవని 2022లో తేలెను. ఈ మిశ్రమమును ఒకవైపు వేడిచేసిన అడ్డముగా వోల్టేజి పుట్టును. సాధారణ ఉష్ణోగ్రతయందు అది డిగ్రీకి సుమారు 6 మైక్రోవోల్టులని 2018లో జపానున కొలిచిరి. వృథాపోవు వేడిమిని విద్యుత్తుగ మార్చు ఆశకు ఇదియే మూలము.

బెంగుళూరున అచ్చైన వ్యాసము దాదాపు ముప్పది యేండ్లు మఱుగున పడియుండెను. దానిని వెలికి తెచ్చినది క్రొత్త పరికరము కాదు. పాత సంపుటమును విప్పి చదివిన శ్రద్ధయే. ఊరూర పాత గ్రంథములను, పత్రికలను కాపాడుకొను సమాజములకు ఇంతకు మించిన నిదర్శన మేల?