షెవర్లే పుట్టుపూర్వోత్తరాలు: రెండుసార్లు వచ్చి రెండుసార్లు వెళ్లిపోయిన బండి

అశోక్‌నగర్ చౌరస్తా నుంచి చిక్కడపల్లి వైపు నడిచేటప్పుడు అపార్టుమెంట్ల సెల్లార్లలోకి ఒకసారి చూడండి. మారుతీలు, హ్యుందాయ్‌ల మధ్య ఎక్కడో ఒక మూల, ముందు జాలీ మీద పసుపు రంగు బో టై గుర్తున్న కారు కవరు కప్పుకొని ఉంటుంది. స్పార్కో, బీటో, అరుదుగా క్రూజో. నంబరు ప్లేటు మీద ఏపీ 09, ఏపీ 11 అని ఉంటుంది. కాస్త కొత్తదైతే టీఎస్. టీజీ సిరీస్‌తో కొత్త షెవర్లే రోడ్డెక్కలేదు. 2024 మార్చిలో టీజీ మొదలయ్యేనాటికి ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలు ఆపేసి ఆరేళ్లు దాటింది.

ఆ బండి బానెట్ ఎత్తించి నారాయణగూడలో ఏ మెకానిక్‌ని అడిగినా ఇంజిన్ సంగతి తర్వాత చెబుతాడు. ముందుగా అనేది, "సామాను దొరకాలి కదా సార్" అని. ఒక కారు నమ్మకమైనదా కాదా అనే చర్చంతా ఆ మాటలోనే ఉంది. షెవర్లే చరిత్రను మొదటినుంచీ చదివితే ఆ మాట బరువు ఇంకా బాగా తెలుస్తుంది.

లూయీ షెవర్లే 1878 డిసెంబరు 25న స్విట్జర్లాండులో, గడియారాల తయారీకి పేరుపడ్డ లా షో ద ఫోన్ ఊళ్లో పుట్టాడు. ఫ్రాన్సులో పెరిగి, 1900లో కెనడా చేరి, అక్కణ్నుంచి అమెరికా వెళ్లాడు. మెకానిక్‌గా బతికాడు. బ్యూక్ కంపెనీ తరఫున రేసుల్లో కార్లు తోలి పేరు తెచ్చుకున్నాడు. అప్పటికే జనరల్ మోటార్స్‌ను స్థాపించిన విలియం డ్యూరంట్‌ను 1910లో అప్పులిచ్చిన బ్యాంకర్లు సొంత కంపెనీలోంచే బయటికి పంపారు. మళ్లీ నిలదొక్కుకోవడానికి అతనికి ఒక పేరు కావాలి. రేసుల్లో మోగిపోతున్న లూయీ పేరు పెట్టి 1911 నవంబరు 3న డెట్రాయిట్‌లో షెవర్లే మోటార్ కార్ కంపెనీ మొదలుపెట్టాడు.

ఇద్దరికీ పొసగలేదు. లూయీ గీయించిన మొదటి కారు క్లాసిక్ సిక్స్ పెద్దది, దర్జా అయినది. ధర 2,150 డాలర్లు. ఆ రోజుల్లో ఫోర్డ్ మోడల్ టీ దాదాపు 600 డాలర్లకే వచ్చేది. సామాన్యుడు కొనగలిగే కారు చేద్దామని డ్యూరంట్, మంచి కారు చేద్దామని లూయీ పట్టుబట్టారు. 1913లో లూయీ వెళ్లిపోయాడు. పేరు మాత్రం కంపెనీకే ఉండిపోయింది. తర్వాత తాను చేసిన రేసుకార్లకు సొంత పేరు పెట్టుకునే హక్కు లేక ఫ్రాంటెనాక్ అని పెట్టుకున్నాడు. డ్యూరంట్ 490 డాలర్లకే 490 అనే కారు తీసి, బాగా అమ్మి, షెవర్లే షేర్ల బలంతోనే 1916లో జనరల్ మోటార్స్‌ను మళ్లీ చేజిక్కించుకున్నాడు. 1918లో షెవర్లే అందులో కలిసిపోయింది. 1941లో లూయీ చనిపోయేనాటికి అతని పేరున్న కార్లు లక్షల్లో తిరుగుతున్నాయి. అతనికి మాత్రం ఆస్తిపాస్తులు మిగల్లేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

బండి లోపాల మీద ఫిర్యాదులు కంపెనీకి పన్నెండేళ్లు నిండేలోపే మొదలయ్యాయి. 1923లో చార్లెస్ కెటరింగ్ అనే పేరుమోసిన ఇంజినీరు రేడియేటరు, నీళ్లు అక్కర్లేని ఇంజిన్ చేశాడు. సిలిండర్ల చుట్టూ రాగి రేకులు అతికించి, గాలితో చల్లబరిచే పద్ధతి అది. పరీక్షల్లో బాగానే నడిచింది. జనం చేతికొచ్చాక వేడెక్కి, సత్తువ పోయి, మధ్యదారిలో మొరాయించింది. మొత్తం చేసినవి 759. బయటికి వెళ్లినవాటిని కంపెనీ వెనక్కి రప్పించింది. తప్పు తెలియగానే సర్దిచెప్పే ప్రయత్నం చేయకుండా బళ్లు వెనక్కి తీసుకోవడం ఆ కాలానికి చాలా పెద్ద విషయం. నాలుగేళ్లకే, 1927లో, షెవర్లే అమ్మకాల్లో ఫోర్డ్‌ను దాటేసింది.

ఆ నిజాయితీ తర్వాత నిలబడలేదు. 1960లో వచ్చిన కోర్వెయిర్‌కి ఇంజిన్ వెనక ఉండేది. మలుపుల్లో వెనక చక్రాలు అదుపు తప్పుతున్నాయని రాల్ఫ్ నాడర్ అనే యువ న్యాయవాది 1965లో పుస్తకం రాశాడు. కంపెనీ జవాబు చెప్పడం మానేసి అతని మీద డిటెక్టివులను పెట్టింది. 1966లో కంపెనీ ప్రెసిడెంటు జేమ్స్ రోష్ అమెరికన్ సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వాహన భద్రతకు చట్టం వచ్చింది ఆ ఏడాదే. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 1972లో ప్రభుత్వం వెల్లడించిన పరీక్షల్లో కోర్వెయిర్ ఆనాటి మిగతా కార్లకన్నా అధ్వానం కాదని తేలింది. అంటే కారు చెడగొట్టిన పేరుకన్నా, ఫిర్యాదు చేసినవాణ్ని వెంటాడి కంపెనీ చెడగొట్టుకున్న పేరే ఎక్కువ. ఆ తర్వాతి వేగా వేడెక్కి ఇంజిన్ ఆయిల్ తాగేది, బాడీ తుప్పు పట్టేది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

2014లో బయటపడ్డ తాళం వ్యవహారం మాత్రం వివరంగా చెప్పుకోవాలి. కోబాల్ట్ వగైరా కార్లలో ఇగ్నిషన్ స్విచ్ లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. తాళంచెవిని తిప్పిన చోట నిలబెట్టి ఉంచేది అదే. ఆ స్ప్రింగు బలం చాలలేదు. తాళాల గుత్తి బరువుగా ఉన్నా, మోకాలు తగిలినా, బండి ఎగిరిపడినా చెవి దానంతటదే వెనక్కి తిరిగేది. నడుస్తున్న కారులో ఇంజిన్ ఆగిపోయేది. దాంతో పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీ ఇంజినీర్లకు ఈ లోపం ఏళ్ల తరబడి తెలుసు. ఆ స్విచ్చును మధ్యలో ఒకసారి బలంగా మార్చారు కూడా. కానీ పార్టు నంబరు మార్చలేదు. పాత స్విచ్చు, కొత్త స్విచ్చు ఒకే నంబరుతో బయటికి వచ్చాయి. ఏ బండిలో ఏది ఉందో ఎవరికీ తెలియకుండా పోయింది. పార్టు నంబరు చూసి డబ్బా తెరిచే మెకానిక్ ఎవరికైనా ఇదెంత ద్రోహమో వేరే చెప్పక్కర్లేదు. 26 లక్షల కార్లు వెనక్కి పిలిచారు. 124 మంది మరణాలకు కంపెనీ పెట్టిన నిధి నుంచే పరిహారం వెళ్లింది. కేసు ముగించుకోవడానికి 2015లో 90 కోట్ల డాలర్లు కట్టారు.

ఇక మన దేశం సంగతి. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయి శివ్‌డీలో అసెంబ్లీ కర్మాగారం పెట్టింది. మన దేశంలో కార్లు బిగించడం మొదలైంది అక్కడే. విడిభాగాలు ఓడల్లో పెట్టెలుగా వచ్చేవి, ఇక్కడ బిగించి అమ్మేవారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం బిగింపుతో సరిపెట్టడం కుదరదు, తయారీ కూడా ఇక్కడే జరగాలని షరతు పెట్టింది. కంపెనీ 1954లో తలుపులు మూసి వెళ్లిపోయింది. ఫోర్డ్ కూడా అప్పుడే వెళ్లింది. అయినా ఆ పాత అమెరికన్ బళ్లు చావలేదు. బొంబాయిలో దశాబ్దాల తరబడి టాక్సీలుగా తిరిగాయి. వాటిని బతికించింది లేత్ మిషన్లు. బుష్ అరిగితే కొత్తది తోడించేవారు, పిస్టన్ పోతే వేరే బండిది సాపు చేసి ఎక్కించేవారు.

రెండో రాక 1990లలో. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్‌తో కలిసి గుజరాత్‌లోని హలోల్‌లో ముందు ఓపెల్ ఆస్ట్రా చేశారు. షెవర్లే పేరు 2003లో ఆప్ట్రాతో తిరిగొచ్చింది. మనవాళ్లు అమెరికన్ కారని మోజుగా కొన్నారు గానీ ఆ గుర్తు కింద ఉన్న బళ్లు రకరకాల ఊళ్లవి. ఆప్ట్రా, ఏవియో, స్పార్క్ కొరియాలోని దేవూ కంపెనీ సంతానం. అంతకుముందు మనం చూసిన మటీజ్‌కు స్పార్క్ చెల్లెలే. టవేరా జపాన్ ఇసుజు బండి. సెయిల్, ఎంజాయ్ చైనాలో పుట్టినవి. ఇంటికి చుట్టాలొస్తే సరిపోయే టవేరా పెళ్లిళ్లకూ శ్రీశైలం, తిరుపతి ప్రయాణాలకూ తెలుగునాట పదేళ్లు ఊపిరి తీసుకోకుండా తిరిగింది. 2011లో వచ్చిన 936 సీసీ బీట్ డీజిల్ మైలేజీ చూసి మధ్యతరగతివాళ్లు, క్యాబ్ డ్రైవర్లు అప్పుచేసి మరీ కొన్నారు.

2013 జులైలో టవేరా బండారం బయటపడింది. 2005 నుంచి 2013 దాకా చేసిన లక్షా 14 వేల టవేరాలను కంపెనీ వెనక్కి పిలిచింది. కారణం బ్రేకో క్లచ్చో కాదు. పొగ పరీక్షలకు పంపేటప్పుడు బాగా పనిచేసే ఇంజిన్లను ఏరి, ప్రత్యేకంగా ట్యూన్ చేసి బిగించేవారని కంపెనీయే ప్రభుత్వానికి ఒప్పుకుంది. అమెరికాలోని ఒక వైస్ ప్రెసిడెంటుతో సహా చాలామంది ఉద్యోగులను తీసేశారు. ప్రభుత్వ కమిటీ దీన్ని కార్పొరేట్ మోసమనే తేల్చింది. పరీక్షకు ఒక బండి, మనకు ఇంకో బండి. ఫోక్స్‌వాగన్ కుంభకోణం ప్రపంచానికి తెలిసింది దీనికి రెండేళ్ల తర్వాత. మన దగ్గర జరిగినదాని మీద అంత గొడవ ఎందుకు జరగలేదో నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

2015లో మళ్లీ రెండు రీకాల్స్. రిమోట్ తాళం పరికరంలో వేడి పుట్టి నిప్పంటుకునే ప్రమాదం ఉందని 2007–2014 మధ్య వచ్చిన స్పార్క్, బీట్, ఎంజాయ్‌లు లక్షా 55 వేలు. క్లచ్ పెడల్ లీవర్ విరిగే అవకాశం ఉందని బీట్ డీజిళ్లు లక్షకు పైన. 2017 మే 18న, ఆ ఏడాది చివరికల్లా ఇండియాలో అమ్మకాలు ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. వారంటీ, సర్వీసు మాట నిలబెట్టుకుంటామన్నారు. హలోల్ కర్మాగారం చైనా కంపెనీ చేతికెళ్లి ఎంజీ కార్లకు నెలవైంది. తలేగావ్‌లోని రెండో కర్మాగారం చివరికి హ్యుందాయ్‌కి పోయింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ కూడా ఇక్కడ కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. టవేరాకు మూలమైన ఇసుజు మాత్రం 2016లో నేరుగా మన శ్రీసిటీకి వచ్చి ఫ్యాక్టరీ పెట్టుకుంది.

1954 నాటి నిష్క్రమణకూ 2017 నాటి దానికీ పోలిక లేదు. అప్పటి బండిలో ఉన్నదంతా ఇనుము. నేర్పరి చేతికి లొంగేది. ఇప్పటి బీట్‌లో ఇంజిన్‌ను నడిపేది కంప్యూటరు పెట్టె. సెన్సరు ఒకటి పోతే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది, బండి గుంజదు. దాన్ని లేత్ మీద తోడించలేరు. స్క్రాప్‌కు వెళ్లిన బండిలోంచి పీకిన పార్టు కోసం తిరగాలి, అది పనిచేస్తుందో లేదో బిగించాకే తెలియాలి. ఇంజిన్ గట్టిదైనా బండి సెల్లార్లో కూలబడిందంటే చాలాసార్లు కారణం ఇదే. షెవర్లే ఓనర్ల ఫిర్యాదుల్లో ఇంజినీరింగ్ తప్పులకన్నా ఇదే పెద్దదని నా అభిప్రాయం. 2009లో క్రూజ్ కొన్నవాళ్లలో ఆ బండి పికప్ గురించి ఇప్పటికీ ముచ్చటగా చెప్పేవాళ్లు ఉన్నారు. చెడ్డ బండి అని వాళ్లు అనరు, దిక్కులేని బండి అంటారు.

చట్టం కూడా వీళ్లకు ఆలస్యంగా వచ్చింది. 2012లో తయారీదారులు తమంతట తాము పెట్టుకున్న రీకాల్ నియమావళి తప్ప మన దేశంలో గట్టి ఏర్పాటు లేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రభుత్వానికి రీకాల్ అధికారం ఇచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అవి ఏడేళ్లలోపు బళ్లకే. 2017 డిసెంబరులో కొన్న చివరి షెవర్లేకు కూడా ఆ ఏడేళ్లు 2024తో నిండిపోయాయి.

మీ ఇంట్లో ఈ బండి ఉంటే, లేదా సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తోందని చూస్తుంటే, ముందు బానెట్ కింద ప్లేటు మీది పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు చూడండి. ఎంఏ6తో మొదలైతే అది జనరల్ మోటార్స్ ఇండియా బండి. పాత జాబ్ కార్డులు అడగండి. బీట్ డీజిల్ అయితే క్లచ్ పెడల్ లీవర్ మార్చారో లేదో, స్పార్క్, బీట్, ఎంజాయ్‌లలో ఏదైనా సరే రిమోట్ తాళం వైరింగ్ సరిచేశారో లేదో మెకానిక్‌తో చూపించండి. ఏ కంపెనీ కారుకైనా సర్వీసులో మోసం జరిగితే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు కూడా లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. కంపెనీ దేశం విడిచి వెళ్తే, అమ్మిన చివరి బండి రిజిస్ట్రేషన్ గడువు తీరేదాకా విడిభాగాలు అందించే బాధ్యత దాని మీదే ఉండేలా చట్టంలో సూటిగా రాయాలి. 2017లో రిజిస్టరైన షెవర్లేలకు ఆ గడువు 2032 దాకా ఉంది.