గోదావరి డెల్టాలో బహిరంగ కళ: నిధులు, నిర్వహణ

గోదావరి డెల్టాలో బహిరంగ కళ అంటే ముందుగా గుర్తొచ్చేది విగ్రహం. ఊరి సెంటర్లో దిమ్మె మీద నాయకుడు, కాలువ గట్టున కాటన్ దొర, పేట మొగలో అంబేడ్కర్, స్నానఘట్టాల దగ్గర దేవతామూర్తులు డెల్టా అంతటా కనిపిస్తారు. గోడల మీది బొమ్మలు, పార్కుల్లో శిల్పాలు, కూడళ్లలో ఫౌంటెన్లు గత పదిపదిహేనేళ్లలో బాగా పెరిగాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు నగరపాలక సంస్థలు, భీమవరం, తాడేపల్లిగూడెం, అమలాపురం వంటి పురపాలక సంఘాలు, వందలాది గ్రామ పంచాయతీలు ఈ కళకు స్థలమిస్తాయి, అనుమతినిస్తాయి, కొంతవరకు డబ్బూ ఇస్తాయి. ఒక బొమ్మను నిలబెట్టడానికి ఎన్నో దారుల్లో డబ్బు వస్తుంది. నిలబెట్టిన బొమ్మను కాపాడటానికి మాత్రం చాలాచోట్ల ప్రత్యేక పద్దంటూ ఉండదు. ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో అర్థమైతే డెల్టా విగ్రహాల స్థితి కూడా చాలావరకు అర్థమవుతుంది.

చందాల విగ్రహాలు

డెల్టాలో ఎక్కువ విగ్రహాలు ప్రజల చందాలతో లేచినవే. రైతులు, కుల సంఘాలు, అభిమాన సంఘాలు, పూర్వ విద్యార్థులు, ఒక్కోసారి ఒకే కుటుంబం ఖర్చు పెట్టుకుంటారు. స్థానిక సంస్థ పాత్ర స్థలంతో, తీర్మానంతో ముగుస్తుంది.

ఇందుకు పెద్ద ఉదాహరణ భీమవరంలోని అల్లూరి సీతారామరాజు విగ్రహం. 30 అడుగుల ఎత్తు, సుమారు 15 టన్నుల బరువు ఉన్న ఈ కంచు విగ్రహాన్ని క్షత్రియ సేవా సమితి దాదాపు 3 కోట్ల రూపాయలతో ఏఎస్ఆర్ నగర్‌లోని మునిసిపల్ పార్కులో నిలబెట్టింది. అల్లూరి 125వ జయంతి సందర్భంగా 2022 జులై 4న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని ఆవిష్కరించారు. సొమ్ము సంఘానిది, నేల పురపాలక సంఘానిది, వేడుక ప్రభుత్వాలది. ఇలాంటి ఏర్పాటులో ప్రారంభం రోజున అందరూ ఉంటారు. పదేళ్ల తర్వాత దిమ్మె బీటలు వారితే ఎవరు పిలవాలి, ఎవరు రావాలి అన్నది ముందే రాసుకుంటే తప్ప తేలదు.

సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలది వేరే తీరు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ నీళ్లతో పండిన భూముల రైతులు తమంతట తాము ఆయన విగ్రహాలు పెట్టుకున్నారు. ఏటా మే 15న ఆయన జయంతికి వాటిని కడిగి, పూలమాలలు వేస్తారు, కొన్నిచోట్ల పాలాభిషేకాలు కూడా చేస్తారు. ఏ ఇంజనీరింగ్ విభాగమూ చేయించని వార్షిక శుభ్రతను ఈ జయంతి చేయిస్తోంది. అంబేడ్కర్ విగ్రహాలకు ఏప్రిల్ 14 కూడా అలాంటిదే. ఆ రోజుకు రెండు మూడు రోజుల ముందు పేటలోని కుర్రాళ్లే దిమ్మె కడిగి, కోటుకు నీలం రంగు మళ్లీ వేస్తారు. డెల్టాలో నిక్కచ్చిగా నడిచే నిర్వహణ ఇదొక్కటే అని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు. కొలిచేవాళ్లున్న విగ్రహం బాగుంటుంది. కొలిచే తరం వెళ్లిపోయిన సంఘసంస్కర్తల, కవుల విగ్రహాలే దుమ్ము పట్టి కనిపిస్తాయి.

పద్దుల దారులు

స్థానిక సంస్థ తానే ఖర్చు పెట్టాలంటే మొదటి వనరు జనరల్ ఫండ్. ఆస్తి పన్ను, నీటి చార్జీలు, లైసెన్సు ఫీజులు, దుకాణాల అద్దెలు అందులో చేరతాయి. జీతాలు, వీధి దీపాలు, చెత్త తరలింపు పోను మిగిలేది కొంచెం. కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లలో వెసులుబాటు ఇంకా తక్కువ. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు, పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగిలిన 40 శాతాన్నే స్థానిక అవసరాలకు వదిలింది. డెల్టాలోని పట్టణాలన్నీ ఈ కోవలోవే. మురుగు కాలువ పూడిక తీయాల్సిన సొమ్ముతో శిల్పం చెక్కించమని ఏ కౌన్సిలరూ అడగలేడు, అడగకూడదు కూడా.

అందుకే పట్టణాల్లో కళ ఏదో ఒక పథకం వెంట నడుస్తుంది. 2016లో మొదలైన స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల పోటీ మునిసిపాలిటీల చేత గోడలకు బొమ్మలు వేయించింది. చెత్త పోసే మూలలు, ఫ్లైఓవర్ స్తంభాలు, బడుల ప్రహరీలు రంగులతో నిండాయి. కేంద్రం పట్టణాల కోసం తెచ్చిన అమృత్ పథకంలో పార్కులకు చిన్న వాటా ఉండేది. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో కాకినాడ ఉంది. దాని పనులకు కాకినాడ స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అనే ప్రత్యేక కంపెనీ ఏర్పడింది. ఇటువంటి కంపెనీ కట్టినవాటిని పథకం ముగిశాక నగరపాలక సంస్థే సాకాలి. అప్పటికి కేంద్ర నిధి ఆగిపోతుంది, కరెంటు బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

ఎంపీల స్థానిక అభివృద్ధి నిధుల (ఎంపీ ల్యాడ్స్) దారి ఇక్కడ పెద్దగా పనికిరాదు. 2016 నాటి మార్గదర్శకాల్లోనే స్మారకాలు, స్మారక భవనాలు నిషిద్ధ పనుల జాబితాలో ఉన్నాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు అవకాశం ఉంది. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో వారసత్వ, కళాసంపద పరిరక్షణ, కళాఖండాల పునరుద్ధరణ స్పష్టంగా ఉన్నాయి. రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ అసెట్ నడుస్తున్న ప్రాంతంలో ఈ నిబంధనను పురపాలకులు ఇంకా గట్టిగా వాడుకోవచ్చు. కూడలిని ఒక బ్యాంకుకో ఆసుపత్రికో దత్తత ఇచ్చి, బోర్డు పెట్టుకోనివ్వడం కూడా చాలా పట్టణాల్లో ఉన్న పద్ధతే. ఒప్పందం గడువు తీరాక మొక్కలు ఎండిపోయినా బోర్డు మాత్రం మిగలడం దానిలోని లోపం.

డెల్టా లోపలే ఉన్నా యానాం లెక్క వేరు. పుదుచ్చేరి పాలనలోని ఈ పట్టణంలో గోదావరి ఒడ్డున రాజీవ్ బీచ్‌లో భారతమాత విగ్రహం, శివలింగానికి అభిషేకం చేసే ఏనుగుల శిల్పాలు ఉన్నాయి. ఆంధ్ర వైపు నుంచి సాయంత్రాలు జనం వాటిని చూడటానికే వెళ్తారు.

పుష్కరాల కళ

రాజమహేంద్రవరంలో బహిరంగ కళకు అసలు ఆర్థిక సంవత్సరం పన్నెండేళ్లది. 1991, 2003, 2015 పుష్కరాలకు నిధులు వచ్చినప్పుడల్లా ఘట్టాలు వెడల్పయ్యాయి, రేవులకు రంగులు పడ్డాయి, గట్టు మీద కొత్త మూర్తులు వెలిశాయి. తర్వాతి పదకొండేళ్లు నది వాటిని చూసుకుంటుంది. వరద నీరు మెట్ల మీదికి వచ్చి వెళ్లినప్పుడల్లా ఒండ్రు పొర మిగులుతుంది. దాన్ని కడగడమే నగరపాలక సిబ్బందికి పెద్ద పని, రంగు సంగతి తర్వాత.

2027 పుష్కరాల ముందు ఇప్పుడు మరో విడత మొదలైంది. అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. సుమారు 94 కోట్ల రూపాయల ఈ పనుల్లో పుష్కర ఘాట్, 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచిన హేవలాక్ వంతెన ఉన్నాయి. దీనికి డబ్బు రాష్ట్రాల మూలధన పెట్టుబడికి కేంద్రం ఇచ్చే ప్రత్యేక సాయం నుంచి వస్తుంది. అది 50 ఏళ్ల వడ్డీలేని రుణం. పేరులోనే ఉన్నట్టు అది మూలధనానికి మాత్రమే. వంతెన మీద దీపం పెట్టడానికి పనికొస్తుంది, ఆ దీపం మాడిపోతే మార్చడానికి పనికిరాదు.

ఒక్క రూపాయి ఆస్తి

దాతలిచ్చిన విగ్రహం పురపాలక ఖాతాల్లో ఎలా కనిపిస్తుందన్నది పెద్దగా ఎవరూ పట్టించుకోని విషయం. కానీ చిక్కుముడి అక్కడే ఉంది. 2004 నాటి జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్ ప్రకారం ఉచితంగా వచ్చిన స్థిరాస్తిని 1 రూపాయి నామమాత్రపు విలువతో నమోదు చేస్తారు. అంటే కోట్లు పోసి చేయించిన కంచు విగ్రహం పట్టణానికి దానంగా వస్తే, పుస్తకంలో దాని విలువ ఒక్క రూపాయి. రూపాయికి తరుగుదల ఏముంటుంది? తరుగుదల కనిపించని ఆస్తికి మరమ్మతు నిధి ఎంత కావాలో బడ్జెట్ సమావేశంలో అడిగే ఆధారమూ ఉండదు. రోడ్డుకు, కల్వర్టుకు, ట్యాంకుకు పుస్తకంలో విలువ ఉంది కాబట్టి అవి అంచనాల్లోకి వస్తాయి. లెక్కలు రాసే సౌకర్యం కోసం పెట్టిన ఈ నియమం తప్పని అనలేం. దాని పక్కన, విగ్రహం ఏ లోహం, ఎవరు చేశారు, ఎప్పుడు పెట్టారు, చివరిసారి ఎప్పుడు కడిగారు అని రాసే మరో రిజిస్టరు ఉండాలి.

ఆ రిజిస్టరు అవసరం ఈ నేలకు మరీ ఎక్కువ. డెల్టా గాలిలో తేమ ఉంటుంది, సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పూ ఉంటుంది. సిమెంటు విగ్రహంలోకి నీరు దిగితే లోపలి ఇనుప ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు మేస్త్రీ సిమెంటు మెత్తి బంగారు రంగు కొడతాడు. రెండు మూడు సార్లు ఇలా జరిగాక ముఖంలో పోలిక పోతుంది. ఫైబర్ విగ్రహం తేలిక, చవక, కానీ ఎండకు వెలిసి పెళుసవుతుంది. కంచు అన్నిటికంటే మన్నుతుంది. దానికి కావలసింది మంచినీటితో కడిగి, మైనం పూత వేయడం. ఇది తెలియక చాలాచోట్ల కంచుకు కూడా పెయింటు కొడుతున్నారు. రంగు కింద చిక్కిన ఉప్పు తేమ లోపల చిలుము పెంచుతుంది. ఖర్చు పెట్టి మరీ నష్టం కొనితెచ్చుకోవడం అంటే ఇదే.

చేయి తిరిగిన శిల్పులు మాత్రం దూరాన లేరు. కోనసీమలోని కొత్తపేట విగ్రహాల తయారీకి రాష్ట్రమంతటా పేరున్న ఊరు. అక్కడి శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేసిన విగ్రహాలు ఎన్నో పట్టణాల్లో ఉన్నాయి. ముందు మట్టితో నమూనా, దాని మీద అచ్చు, ఆ తర్వాతే ఫైబరో కంచో పోత. మరమ్మతు పనిని రోడ్ల కాంట్రాక్టరుకు బదులు ఇలాంటి శిల్పశాలకు అప్పగించేలా టెండరు షరతు రాస్తే సగం సమస్య తీరుతుంది.

అనుమతి, కాపలా

2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత రోడ్లు, పేవ్‌మెంట్లు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదు. కేరళలోని ఒక కూడలి విగ్రహం గురించి మొదలైన ఈ ఆదేశం అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. వీధుల సుందరీకరణ పనులకు మినహాయింపు ఉంది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా దీనికి అనుగుణంగా జీవో జారీ చేసింది. అయినా రాత్రికి రాత్రి దిమ్మె కట్టి, తెల్లారేసరికి విగ్రహం నిలబెట్టే అలవాటు పోలేదు. అలా లేచినదాన్ని తీసే ధైర్యం పంచాయతీకి ఉండదు, నిర్వహించే బాధ్యతా తీసుకోదు. అనుమతి లేని విగ్రహం పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

విగ్రహం పడితే ఊరు ఎంత నొచ్చుకుంటుందో డెల్టాకు తెలుసు. 2012 జనవరిలో అమలాపురం ప్రాంతంలో అంబేడ్కర్ విగ్రహాలను ధ్వంసం చేసినప్పుడు తూర్పు గోదావరి అంతా ఉడికిపోయింది. నాటి నుంచి కంచె, సీసీ కెమెరా, పోలీసు పికెట్ కూడా విగ్రహ నిర్వహణలో భాగమయ్యాయి. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే రాజకీయ నాయకుల విగ్రహాలకు ముసుగులు కట్టి, ఫలితాల తర్వాత విప్పే పని కూడా స్థానిక సిబ్బందిదే.

తీసేసే అధికారానికీ హద్దుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పికి 5 లక్షల రూపాయల పరిహారం ఇప్పించి, మిగిలిన శకలాలు తిరిగి ఇవ్వమంది. కొనుక్కున్నంత మాత్రాన కళాఖండాన్ని ధ్వంసం చేసే హక్కు ప్రభుత్వానికి రాదన్నది ఆ తీర్పు సారం.

నాలుగు గోడల మధ్య

చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) బొమ్మలు ఈ నేలలో ప్రజల కళకు మరో నమూనా. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. ఆయన బొంబాయి జేజే స్కూల్లో చదివి వచ్చి ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేశాడు. మశూచితో 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. మిత్రుడు వరదా వెంకటరత్నం వంటివాళ్లు ఆ చిత్రాలను, చిత్రకళాశాలను నిలబెట్టారు. తర్వాత వాటిని ప్రభుత్వం స్వీకరించింది. నీటిరంగుల చిత్రాలకు తేమే ప్రధాన శత్రువు, గోదావరి గట్టు మీద తేమకు కొదవ లేదు. వీధి విగ్రహంలా వీటికి మళ్లీ రంగు వేయలేం. పోయినది పోయినట్టే.

ముందే రాసుకోవడం

విదేశాల్లో ఈ సమస్యకు దొరికిన మార్గాల్లో బాగా పాకింది శాతం పద్ధతి. ఫ్రాన్స్ 1951లో బడి భవనాల ఖర్చులో 1 శాతాన్ని కళకు కేటాయించింది. అమెరికాలో ఫిలడెల్ఫియా 1959లో ఇలాంటి నియమం పెట్టిన తొలి నగరమైంది. అక్కడా మొదట్లో పెట్టడానికే శాతం ఉండేది, కాపాడటానికి తర్వాత వేరుగా కలపాల్సివచ్చింది.

డెల్టాకు ఇంకా దగ్గరి నమూనా ద్రాక్షారామం గోడల మీదే ఉంది. అక్కడి మధ్యయుగ శాసనాలు ఎన్నో అఖండ దీపాల దానాలు. దాత దీపం ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. దాని నేతి కోసం గొర్రెల మందను కూడా ఇచ్చాడు. ఆ మందను బోయలకు అప్పగిస్తే వాళ్లు గుడికి నెయ్యి కొలిచేవాళ్లు. దీపమూ దాని పోషణా ఒకే శాసనంలో ఉండేవి. అదే పని ఇవాళ కౌన్సిల్ తీర్మానం చేయవచ్చు. 3 కోట్ల విగ్రహానికి స్థలం అడిగిన సంఘం ఖర్చులో 5 శాతం, అంటే 15 లక్షలు, మునిసిపాలిటీ పేర డిపాజిట్ చేయాలని షరతు పెడితే, 6 శాతం వడ్డీ మీద ఏడాదికి 90 వేలు వస్తాయి. ఒక కంచు విగ్రహాన్ని ఏటా రెండుసార్లు కడిగి, మైనం పూసి, దీపాలు మార్చడానికి ఆ డబ్బు చాలు.