గేట్‌వే అంటే గుడి గేటా?

రథసప్తమి మర్నాడు అరసవల్లిలో మా మావయ్య ఇంట్లో నెట్ పోయింది. ఫోన్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి నేను కుస్తీ పడుతుంటే, మావయ్య భుజం మీంచి తొంగి చూశాడు. "డిఫాల్ట్ గేట్‌వే అంటే ఏట్రా? మన గుడి గేటు లాంటిదా?"

నవ్వాను గానీ, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. రౌటర్ అన్న పేరు స్థిరపడక ముందు ఆ యంత్రాన్ని గేట్‌వే అనే అనేవారు. 1969లో ఆర్పానెట్ మొదలైనప్పుడు దారి చూపే పెట్టె ఫ్రిజ్ అంత ఉండేది, కానీ అది ఒక్క నెట్‌వర్క్ లోపలి సంగతి. వేర్వేరు నెట్‌వర్క్‌లను కలపడానికి వాటి మధ్య ఒక గేట్‌వే ఉండాలని వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో రాశారు. 1987 నాటి ప్రమాణ పత్రం పేరులోనూ గేట్‌వేనే. 1995 పత్రానికి వచ్చేసరికి అది రౌటర్ అయింది. ఊరు మారినా ఇంటిపేరు మిగిలినట్టు, పాత పేరు సెట్టింగుల్లో ఉండిపోయింది. ఫోన్ బయటికి పంపాల్సినదేదైనా ఈ గేటు దగ్గర అప్పజెప్పేస్తుంది, అంతే.

డీహెచ్‌సీపీ లీజ్ ఇంకా సులువు. రౌటర్ ఒక్కో ఫోన్‌కీ ఒక అడ్రస్ ఇస్తుంది, గడువు పెట్టి. "ఓస్, కౌలా!" అన్నాడు మావయ్య. పరిభాషా కమిటీలు కూర్చుని సంస్కృతంలోంచి తవ్వి తీసే మాటకన్నా ఇదే నయం.

నవ్వు ఆగింది లాగిన్ వివరాల దగ్గర. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. బిగించినవాళ్ళు మార్చలేదు, మార్చుకోమని చెప్పనూ లేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి జతలు అరవైకి పైగా పట్టుకుని కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. తాళం పగలగొట్టలేదు, ఫ్యాక్టరీ ఇచ్చిన తాళంచెవే వాడింది. ఆ అక్టోబరు 21న అలా చిక్కినవాటిని ఉసిగొల్పితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి గంటల తరబడి అందలేదు. అంత దూరం ఎందుకు, ఇదే పేజీలో డీఎన్ఎస్ అనే గడి ఉంటుంది. అందులో ఎవరైనా వేరే అంకె వేస్తే, బ్యాంకు పేరు కొట్టినా ఫోన్ దొంగ పేజీకి పోవచ్చు. మావయ్య పెన్షన్ చూసుకునేది ఈ పెట్టె గుండానే.

కొత్త పాస్‌వర్డ్ ఆయన్నే పెట్టమన్నాను. నన్ను అటు తిరగమని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు నొక్కాడు.

నెట్ సాయంత్రానికి వచ్చింది. వీధిలో ఎక్కడో తీగ తెగిందట.