సెకండ్ హ్యాండ్ జేసీబీ కొంటున్నారా? పాతదా, కొత్త మోడలా.. ముందు ఇవి చూసుకోండి

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి మెషిన్ నడిపి తిరిగొచ్చినవాళ్లు, అన్నదమ్ములు కలిసి డబ్బు పోగేసుకున్నవాళ్లు సొంత ఊళ్లో ఏదైనా పని మొదలుపెట్టాలనుకుంటే సెకండ్ హ్యాండ్ జేసీబీ వైపు చూస్తుంటారు. అసలు ఈ యంత్రం పేరు బ్యాక్‌హో లోడర్. జేసీబీ అనేది 1979లో మన దేశంలోకి వచ్చిన కంపెనీ పేరు. ఇప్పుడు ఏ కంపెనీ బండైనా జనం నోట జేసీబీయే.

మార్కెట్లో తక్కువ ధరకు పాత బండి, ఎక్కువ ధరకు నాలుగైదేళ్ల బండి పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది తీసుకోవాలి? ఇక్కడ లెక్క తప్పితే ఏళ్ల సంపాదన షెడ్డులో నిలబడిపోతుంది.

2021కి ముందు, తర్వాత

చక్రాల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి సీఈవీ స్టేజ్-4 కాలుష్య నిబంధనలు, 2025 జనవరి 1 నుంచి స్టేజ్-5 అమల్లోకి వచ్చాయి. పాత, కొత్త బండ్ల మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది.

అంతకుముందు వచ్చిన బీఎస్-3 బండ్లలో చాలావాటికి మెకానికల్ డీజిల్ పంపే ఉంటుంది. మండల కేంద్రంలోని మెకానిక్ కూడా విప్పి బాగు చేయగలడు. సెకండ్ హ్యాండ్ స్పేర్లు కూడా సులువుగా దొరుకుతాయి. కొత్త బండ్లలో కామన్ రైల్ ఇంజిన్, సెన్సర్లు, ఈసీయూ ఉంటాయి. డీజిల్ తక్కువ తాగుతాయి, పొగ తక్కువ. కానీ డీజిల్‌లో కాస్త నీళ్లు, మట్టి కలిసినా ఇంజెక్టర్లు పాడవుతాయి. డబ్బాల్లో డీజిల్ తెచ్చి పొలం గట్టున పోసే చోట ఇది పెద్ద సమస్యే. సెన్సర్ పోతే పానాతో పని జరగదు, స్కానర్ ఉన్న మనిషి రావాల్సిందే.

డీజిల్ లెక్క

గంటకు ఒక్క లీటరు తేడా వచ్చిందనుకుందాం. ఏడాదికి 1,500 గంటలు నడిస్తే 1,500 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున 1,42,500 రూపాయలు. అదే బండి ఏడాదికి 500 గంటలే నడిస్తే మిగిలేది 47,500 మాత్రమే. అంటే పని ఎక్కువగా ఉన్నవాళ్లకే కొత్త మోడల్ గిట్టుబాటు. అప్పుడప్పుడు మాత్రమే పని దొరికేవాళ్లకు కొత్త బండి కిస్తీ భారమవుతుంది. పని ఉన్నా లేకున్నా కిస్తీ ఆగదు కదా.

మీటర్‌ను నమ్మొద్దు

రోజుకు 8 గంటలు, నెలకు 20 రోజులు నడిచినా ఏడాదికి 1,920 గంటలు అవుతుంది. ఆరేళ్ల బండి మీటర్ 4,000 గంటలే చూపిస్తుంటే, ఎందుకు తక్కువ నడిచిందో అడగాలి. సర్వీస్ బుక్, బిల్లులు చూపించమనాలి. లైవ్‌లింక్ లాంటి ట్రాకింగ్ ఉన్న బండి అయితే ఆ రికార్డు కూడా అడగొచ్చు. పెడల్ రబ్బరు, లివర్ పిడి, సీటు అరుగుదల చూసినా బండి వయసు తెలిసిపోతుంది.

బండి దగ్గర చేయాల్సిన పరీక్షలు

- ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచారంటే అనుమానించాలి.
- నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు గాలి గట్టిగా తంతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు.
- ఆయిల్ పాల రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టు.
- వెనక కాళ్లు దించి టైర్లు పైకి లేపి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు చూడాలి. బండి కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్ సీళ్లు లీకవుతున్నాయన్నమాట. కానీ ఆ సమయంలో కిందికి ఎవరూ వెళ్లొద్దు.
- బూమ్, బకెట్, కింగ్‌పోస్ట్ దగ్గర పిన్నులు, బుష్షులు ఎంత లూజుగా ఉన్నాయో కదిపి చూడాలి.
- కొత్త పెయింట్ కింద వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో వెతకాలి.
- కొత్త మోడల్ అయితే స్కానర్ పెట్టించి, ఎర్రర్ కోడ్లు చూసిన తర్వాతే బేరం మాట్లాడాలి.

కాగితాలు

ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరినట్టు కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోవాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 కూడా తప్పదు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ బాకీలు, చలాన్లు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. నోటి మాట మీద డబ్బు ఇచ్చేసి, తర్వాత ఫైనాన్స్ వాళ్లు బండి లాక్కెళితే చేసేదేమీ ఉండదు.

ఎవరికి ఏది?

ఊరి చుట్టుపక్కల చిన్న పనులు, సొంత డ్రైవింగ్, నమ్మకమైన మెకానిక్, చేతిలో ఉన్న డబ్బుతోనే కొనే పరిస్థితి ఉంటే బాగా చూసుకున్న పాత బండి చాలు. కాంట్రాక్టర్ దగ్గర నెలవారీ అద్దెకు పెట్టేవాళ్లకు, ఏడాది పొడవునా పని ఉన్నవాళ్లకు, సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉన్నవాళ్లకు కొత్త మోడల్ మేలు.

ఏది కొన్నా ఉన్న డబ్బంతా బండికే పెట్టేయొద్దు. టైర్లు, హోస్ పైపులు, మొదటి రిపేరు కోసం కొంత పక్కన ఉంచుకోవాలి. కొన్న నెలలోనే బండి ఆగి, బాగు చేయించడానికి డబ్బు లేకపోతే, ఎంత చౌకగా కొన్నా అది నష్టమే.