స్థౌల్య శస్త్రచికిత్సానంతర పునర్భారవృద్ధి

జఠరమును కుదించు శస్త్రచికిత్సచే కృశించినవారు కొన్నియేండ్లకు మరల బరువెక్కుట పునర్భారవృద్ధి యనబడును. స్వీడనునందు 1987లో ప్రారంభమైన దీర్ఘపరిశోధనలో, గ్యాస్ట్రిక్ బైపాస్ పొందినవారు ఒకటి రెండేండ్లలో తొలి బరువున సగటున 32 శాతము కోల్పోయి, పదియేండ్లకు 25 శాతపు తగ్గుదలయొద్ద నిలిచిరి. కావున కొంత బరువు తిరిగివచ్చుట దేహధర్మమే గాని, రోగి సిగ్గుపడవలసిన దోషము కానేకాదు. చిక్కిన దేహము తక్కువ శక్తితోనే నడచును, ఆకలి మరల పుంజుకొనును, స్లీవ్ శస్త్రచికిత్సచే గొట్టమువలె కుదించిన జఠరము కాలక్రమమున కొంత సాగును.

నిర్మల్ జిల్లాలోని ప్రత్తి వ్యాపారకేంద్రమగు భైంసా వంటి పట్టణములనుండి హైదరాబాదునకేగి చికిత్స పొందినవారికి, దూరభారముచే పునఃపరీక్షలు తప్పిపోవుట సులభము; కావున ఇంటిభోజనమునందు శ్రద్ధ మరింత అవసరము. ఈ ప్రాంతపు జొన్నరొట్టె బాగుగా నమిలి తినవలసినది గనుక చిన్న జఠరమును త్వరగా నింపును. చక్కెర చాయ్, అందులో ముంచిన బిస్కత్తు మాత్రము సులువుగా జారిపోయి, తిన్నట్లే తోపకయే కేలరీలను చేర్చును. అందుచే మొదట గ్రుడ్డో, చేపయో, గట్టిపప్పో తిని, పిదప కూరయు, తుదకు రొట్టెముక్కయు తిని, భోజనానంతరము అరగంట దాటినపిమ్మటనే నీరు త్రాగవలెను. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు సాధారణ లక్ష్యము.

కొలదిదినములు ద్రవములతో గడపి జఠరమును మరల కుదింపవచ్చునను ప్రచారము నిరాధారము; అది నమ్మి శుష్కించువారిని చూడ జాలి కలుగును. వైద్యులు మొదట ఎండోస్కోపీతోడను, థైరాయిడ్ పరీక్షతోడను బరువు పెరుగుటకు కారణమును వెదకి, బి12, ఇనుముల లోపమును పరీక్షించి, అవసరమైనచో వైద్యుని పర్యవేక్షణలో ఆకలిని తగ్గించు సెమాగ్లూటైడ్ వంటి ఔషధములను, అవియు చాలనప్పుడే రెండవ శస్త్రచికిత్సను యోచింతురు.