కాళహస్తి కలం నుంచి కెమెరా దాకా

బడిపిల్లలకి ఫోటోలతో, వీడియోతో కథ చెప్పడం నేర్పాలంటే ఏం కావాలి? మన సాఫ్టువేరు జనాన్ని అడిగితే ముందు సామాను జాబితా చదువుతాం. ఏ కెమెరా, ఏ ఎడిటింగ్ సాఫ్టువేరు, ఎంత మెమరీ అంటూ. నా మటుకు నాకు అసలు జవాబు శ్రీకాళహస్తిలో ఉందనిపిస్తుంది. బొమ్మనీ మాటనీ కలిపి కథ చెప్పడం ఒక విద్యగా నేర్పిన ఊరు మరి అది.

కలంకారీ అనగానే మనకి చీరలూ దుపట్టాలూ గుర్తొస్తాయి. కానీ కాళహస్తి పని పుట్టింది కథ కోసం. గుళ్ళో వేలాడదీసే పెద్ద గుడ్డ మీద రామాయణాన్ని వరసలుగా విడగొట్టి, ఘట్టానికో గడి ఇచ్చి, ఆ బొమ్మలకి తోడుగా తెలుగులో నాలుగు ముక్కలు రాస్తారు. మచిలీపట్నంలో అచ్చులతో అద్దుతారు, ఇక్కడ కలంతో గీస్తారు. సినిమావాళ్ళ స్టోరీబోర్డు ఇదే కదా!

1950లలో ఈ విద్య దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ నేర్పినాయన జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు. ఆయన కొడుకు గురప్పశెట్టి గారు కొన్నాళ్ళు బడిపంతులుగా చేసి, మళ్ళీ కలం పట్టి, 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

ఈ పనిలో వరస చూడండి. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. చింతబొగ్గుతో చిత్తు గీత గీయాలి. ఆ తర్వాత వెదురు కలంతో, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టి చేసిన కసిమితో నల్లగీత. రంగులు ఆ తర్వాతే. కసిమి గీత ఒకసారి పడితే ఇక చెరగదు, కంట్రోల్-జెడ్ లేదు. అందుకని ఏ గడిలో ఏం రావాలో ముందే తేల్చుకోవాలి. మన చేతిలో ఫోను ఉంటే రెండొందల ఫోటోలు తీసేసి, కథ తర్వాత వెతుక్కుంటాం!

అమెరికాలో 1994 ప్రాంతంలో జో లాంబర్ట్, డేనా ఆచ్లీ శాన్‌ఫ్రాన్సిస్కోలో 'డిజిటల్ కథలు' నేర్పడం మొదలుపెట్టారు. సొంత ఫోటోలు, సొంత గొంతు, రెండు మూడు నిమిషాల నిడివి. వాళ్ళ దగ్గర కూడా ముందు కథ, తర్వాతే కంప్యూటరు.

మన దగ్గర అంతకన్నా గట్టి ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చదువురాని దళిత మహిళలకి వీడియో నేర్పింది. 2001లో వాళ్ళ కమ్యూనిటీ మీడియా ట్రస్టు మొదలైంది. ఎదుటివాళ్ళ కంటికి సమానంగా కెమెరా పట్టే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానమే కాబట్టి! ఏ పాఠ్యపుస్తకం ఇంత బాగా చెబుతుంది? అక్షరం రానివాళ్ళు నేర్చుకోగలిగింది అయిదో తరగతి పిల్లలకి కష్టమా?

ఇక బళ్ళ సంగతి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులు పంచారు. లోపల బైజూస్ వీడియో పాఠాలు. మంచిదే, కాదనను. కానీ పరికరం చూడటానికి వచ్చింది, చెప్పడానికి కాదు. పిల్లవాడు ప్రేక్షకుడుగానే మిగిలాడు. ఒకరి కథ చూడటం వేరు, తన కథ తను కట్టడం వేరు. రెండోది చేసిన పిల్ల రేపు టీవీలో ఏది చూసినా, 'ఈ గడి ఇక్కడెందుకు పెట్టారు?' అని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమే ఈ చదువు.

కాళహస్తి పిల్లలకి మొదటి పాఠం ఊరి పేరులోనే ఉంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు పాత్రలు, మూడు గడులు. రెండో పాఠం కన్నప్ప. రెండో కన్ను పెకలించే ముందు, చూపు పోతే చోటు తెలియదని శివుడి కంటి దగ్గర కాలు ఆనించాడు చూడండి, ఆ ఒక్క ఫ్రేములో కథంతా ఉంది. కింద ఒక్క ముక్క రాయక్కర్లేదు. మూడో పాఠం ఇంట్లో అమ్మ పని, అయిదు ఫోటోల్లో, తన గొంతుతో.

ఒక పలక, ఒక టీచరు ఫోను చాలు. ముందు పలక మీద గడులు గీయనివ్వండి. ఫోను ఆ తర్వాత చేతికివ్వండి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ బళ్ళో ఒక పూట ప్రయత్నించి చూడకూడదూ?