మోచేతిలో ఎద్దు పిత్తం

మోచేతి నొప్పికి వేసే స్టిరాయిడ్ సూది పూర్వీకుడు ఎద్దు పిత్తంలోంచి పుట్టాడని తెలిసిన రోజు నేను పక్కింటాయన్ని కూడా పిలిచి చెప్పాను.

నొప్పి ఉన్నచోట చురక పెట్టడం సుశ్రుతుడి నాటి మాట. అక్కడినుంచి ఒక్క గెంతులో 1944కి వద్దాం. మెర్క్ కంపెనీ రసాయనవేత్త లూయిస్ సారెట్ పశువుల పిత్తంలోని ఆమ్లాన్ని సుమారు 36 దశలు దాటించి కార్టిజోన్ అనే స్టిరాయిడ్ తయారుచేశాడు. 1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్లవాతంతో కదల్లేని 29 ఏళ్ల ఆమెకు అది ఇచ్చింది. వారం తిరిగేసరికి ఆమె బజారంతా తిరిగి వచ్చింది! 1950లో హెంచ్‌కూ, ఈ హార్మోన్లపై పనిచేసిన కెండాల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్. గ్రాము ధర మాత్రం అప్పట్లో 200 డాలర్లు. చివరికి దాన్ని చవక చేసింది మెక్సికో అడవి దుంప, రొట్టెకు పట్టే జాతి బూజు. నాకైతే నోబెల్‌లో బూజుకూ వాటా ఇవ్వాలనిపిస్తుంది.

1951లో హాలండర్ అనే వైద్యుడు దాని దగ్గరి చుట్టం హైడ్రోకార్టిజోన్‌ను నేరుగా కీళ్లలోకే ఎక్కించాడు. మోచేయి ఎంత దూరం?

ఇక జబ్బు పేరు. 1873లో జర్మన్ వైద్యుడు రుంగే దీన్ని గుర్తించింది రాసే చేతుల్లో, అంటే మా కులంలోనే. మరుసటి ఏడాది ఇంగ్లండులో లాన్ టెన్నిస్‌కు పేటెంటు, 1883కల్లా 'టెన్నిస్ ఎల్బో' ఖాయం. ఆడేవాడి పేరు నిలిచింది, పనిచేసేవాడి పేరు పోయింది.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు దగ్గర తాళ్లెక్కే ఒకాయన నాతో అన్నాడు: "సూది ఏస్తే నెలన్నర మంచిగుంటది సార్, మళ్ల గదే కథ." రాకెట్ ఆయన ఎన్నడూ పట్టలేదు, రోజూ పట్టేది గీత కత్తి.

ఆయన మాటకు కారణమూ ఉంది, లెక్కలూ ఉన్నాయి. ఈ నొప్పిలో వాపు తక్కువ, కండను ఎముకకు కట్టే తాడు చివికిపోవడం ఎక్కువ అని 1979లో నిర్షల్ అనే శస్త్రవైద్యుడు చూపించాడు. వాపు మందు చివుకును ఎలా అతుకుతుంది? ఇప్పుడు మన రక్తమే తీసి, గిరగిర తిప్పి, ప్లేట్‌లెట్లను ఏరి అక్కడే గుచ్చుతున్నారు. ఉత్తుత్తి సూదికన్నా దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని, వైద్య పరీక్షలను వడపోసే కాక్రేన్ సంస్థ 2021 సమీక్ష తేల్చింది.

ఓపిక అనే మందు దుకాణాన్ని మనం ఎత్తేయించాం. 2002లో నెదర్లాండ్స్‌లో 185 మందిపై పరీక్ష చేస్తే, ఆరు వారాలకు స్టిరాయిడ్ సూది వేయించుకున్నవాళ్లలో 92 శాతం బాగుపడ్డారు. ఏడాదికి ఆ లెక్క 69కి పడింది. ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లది 91. ఈ రెండూ లేకుండా ఓపికపట్టి ఆగినవాళ్లది 83.